కులం లేదనడం వేరు, కూల్చడం వేరు

క్రైస్తవ బోధ ఫలించిందని దేనిని బట్టి నిర్ణయించాలి? సభాస్థలి నిండిన జనాన్ని బట్టా, బాప్తిస్మాల లెక్కను బట్టా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఈ ప్రశ్నకు జవాబును మందిరం వెలుపల వెతకాలి. ఆరాధన ముగిశాక ఎవరింట ఎవరు భోంచేస్తున్నారు? ఎవరి పిల్లను ఎవరికిస్తున్నారు? శవాన్ని ఏ శ్మశానానికి మోస్తున్నారు?

ఈ గీటురాయి బయటి నుంచి తెచ్చినది కాదు. యోహాను సువార్తలో యేసు, యూదులు సాంగత్యం చేయని సమరయ స్త్రీని దాహమడుగుతాడు. బావి దగ్గర కులాన్ని చవిచూసిన మాల, రెల్లి కుటుంబాలకు ఆ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. దానిని ఆత్మదాహంగా మాత్రమే కుదించి, నీళ్ల సంగతి దాటవేసే ప్రసంగం వాక్యానికి విధేయమైనదని నేననుకోను.

ఈ నేల మీద అలా దాటవేయని బోధకుడు ఒకరున్నారు. 1803లో పర్లాకిమిడి సమీపాన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం పొంది బోధకుడయ్యారు. ఆయన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాల్లో మారుమోగుతున్నాయి. ఆయనే 'కులాచార పరీక్ష' కూడా రాశారు. కీర్తనలను నిలుపుకున్న సంఘం ఆ పరీక్షను మాత్రం పక్కన పెట్టింది.

నేడు వేదికల మీద తరచుగా వినిపించే మాట 'క్రీస్తులో కులం లేదు'. గలతీయులకు పౌలు రాసిన పత్రికలో దానికి ఆధారముంది. అయితే అది సాధించవలసిన ధర్మం. దానిని జరిగిపోయిన వాస్తవంగా ప్రకటిస్తే నష్టపోయేది దళిత క్రైస్తవులే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని, క్రైస్తవులకు తలుపు తెరవలేదు. మన రాష్ట్రంలో వారికి దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో రాష్ట్ర హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, మతం మారిన వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నది. కులవ్యవస్థ క్రైస్తవానికి పరాయిదన్నది ఆ తీర్పులోని ఒక తర్కం. వేదిక మీది ఆదర్శం న్యాయస్థానంలో బాధితుడికే ఎదురుతిరిగింది.

2023 మార్చిలో శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. ఆ కోరికకు బలం రావాలంటే సంఘం ముందుగా తనలోని కులాన్ని ఒప్పుకోవాలి. ఏ పదవి ఏ కులం చేతిలో ఉందో, ఏ సమాధుల స్థలం ఎవరికి నిషిద్ధమో బోధకుడు పేరుపెట్టి చెప్పాలి. అలా చెబితే కానుకలు తగ్గవచ్చు, పెద్దలు అలగవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడిన బోధనే నేను నమ్మకమైన బోధ అంటాను. దాని ఫలితాన్ని వచ్చే ఆదివారపు హాజరులో గాక, సంఘంలో జరిగే తదుపరి పెళ్లిలోనూ తదుపరి సమాధిలోనూ చూడాలి.