బిడ్డను విడిచిన గుర్తు - ఒక స్పెయిను ఇంటిపేరు

మొన్న భారతమున కర్ణుని కథ చదువుచుండగా, ప్రక్కనున్న సోదరి యొకతె "పెట్టెలో నుంచి యేట విడిచిన కుంతి ఆ బిడ్డకు పేరైనను పెట్టలేదు గదా!" అనెను. నిజమే. వసుషేణుడని పేరిడినవారు పెంచిన తల్లిదండ్రులు. రాధ పెంచుటచే నతడు రాధేయుడయ్యెను. స్పెయిను దేశమున నిట్టి శిశువులు పెక్కుమందికి ఆ భాగ్యమును లేకపోయెను. విడువబడుటయే వారి యింటిపేరయ్యెను.

ఆ పేరు ఎక్స్‌పోసితో. బయట నుంచబడినవాడని యర్థమిచ్చు లాటిను పదమునుండి పుట్టినది. అనాథశిశుగృహముల గోడలో కొయ్యతో చేసిన తిరుగుడు పెట్టె యుండెడిది. వీధినుండి బిడ్డను అందులో పరుండబెట్టి త్రిప్పి గంట మ్రోగించినచో, లోపలి స్త్రీ యెత్తుకొనెడిది. తెచ్చినవారి మొగము ఆమెకు కనబడదు. మాడ్రిడ్డు నగరమున 16వ శతాబ్దమున వెలసిన ఇంక్లూసా యట్టి గృహములలో ప్రసిద్ధమైనది. కొందరు తల్లులు బిడ్డతో పతకమునో, రిబ్బను ముక్కనో, చీటీనో ఉంచి పోయెడివారు. ఎన్నడైనను తిరిగివచ్చినచో గుర్తుపట్టుటకట! ఇది చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

పల్లెలలోని దాదులు పాలిచ్చి పెంచినను, ఆ శిశువులలో పెక్కండ్రు బ్రతుకలేదు. బ్రతికి సంసారులైన వారినుండి ఆ పేరు బిడ్డలకును మనుమలకును సంక్రమించెను. ఏ పాపము నెరుగని మనుమడు పేరు చెప్పగానే తాత పుట్టుక గుట్టు వీధిన పడెడిది. 1794లో నాల్గవ చార్లెసు రాజు, ఇట్టివారిని సక్రమ సంతానముగనే యెంచవలెననియు, నిందించువారు శిక్షార్హులనియు శాసించెను. శాసనము నోళ్లను మూయగలదా? 1921 నుండి ఆ పేరు మార్చుకొనుటకు చట్టము దారి చూపెను. కొందరు మార్చుకొనిరి. కొందరు ఉంచుకొనిరి.

ఇచ్చట మన స్త్రీలు గమనింపదగిన సంగతి యొకటి కలదు. మనలో పెండ్లితో వధువునకు అత్తవారి యింటిపేరు వచ్చుట వాడుక. స్పెయినులో స్త్రీకి వివాహముచే ఇంటిపేరు మారదు. బిడ్డకు తండ్రి పేరు మొదటను, తల్లి పేరు తరువాతను చేరును. కావున ఎక్స్‌పోసితో యను బాలిక యెంతటి యింట మెట్టినను, జీవితాంతము ఆ పేరు మోయవలసినదే. ఆమె బిడ్డలకు అది రెండవ పేరుగా వచ్చును. మనుమల నాటికి సాధారణముగా జారిపోవును. పురుషుని వంశమున మాత్రము నిలుచును. 2000 సంవత్సరమునుండి తల్లిపేరును ముందుంచుటకు అచ్చటి చట్టము సమ్మతించుచున్నది.

ఇటలీలోని నేపుల్సున నిదే లాటిను పదము ఎస్పోసితో యైనది. నేడు ఆ పట్టణమున మిక్కిలి వాడుకలోనున్న యింటిపేళ్లలో నదియొకటి. స్పానిషు రూపము సముద్రము దాటి అర్జెంటీనా చేరెను. అచ్చట 1918లో ఒమేరో ఎక్స్‌పోసితోయు, 1924లో తమ్ముడు విర్హీలియోయు జన్మించిరి. హోమరు, వర్జిలు మహాకవుల పేళ్లే యవి! ఎంత ముచ్చట! 1944లో అన్న మాటలు కూర్పగా, తమ్ముడు స్వరపరచిన "పూచిన నారింజ చెట్టు" అను టాంగో గీతమును నేటికిని పాడుచున్నారు.