చలికాలం: ఇంజన్ వేడెక్కాలంటే బండి కదలాలి

చలికాలం ఉదయం కారు స్టార్ట్ చేసి, దాన్ని అలా వదిలేసి, లోపలికెళ్లి కాఫీ తాగి రావడం చాలామందికి అలవాటు. ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల ఈ అలవాటు ఏడాదిలో కొన్ని వారాలే. మినియాపోలిస్, టొరంటోల్లో స్థిరపడిన మనవాళ్లకు మాత్రం నెలల తరబడి సాగే తంతు. ఎందుకని అడిగితే ‘ఇంజన్ వేడెక్కొద్దూ!’ అంటారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో అది మంచి సలహాయే. బళ్లు మారాయి, సలహా మాత్రం మారలేదు.

అపోహ: బయల్దేరే ముందు పది నిమిషాలైనా ఇంజన్‌ను ఆన్‌లో ఉంచాలి.
వాస్తవం: కార్బురేటర్ ఉన్న బళ్లకు ఇది అవసరమే. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చోక్ లాగి, ఇంజన్ కుదురుకునేదాకా ఆగకపోతే బండి వీధి చివరే మొరాయించేది. ఇప్పుడు ఆ పనంతా ఫ్యూయల్ ఇంజెక్షన్‌దే. మారుతి 800 కూడా 2000 ప్రాంతంలో ఈ పద్ధతికి (ఎంపీఎఫ్ఐ) మారిపోయింది. కూలెంట్ ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబుతుంది, ఎంత పెట్రోలు చిమ్మాలో ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) లెక్క కడుతుంది. స్టార్ట్ చేసిన సుమారు 30 సెకన్లకు నెమ్మదిగా బయల్దేరమన్నదే ఎక్కువ కంపెనీల సూచన అని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. సీటు బెల్టు పెట్టుకుని అద్దాలు సరిచూసుకునేసరికి ఆ సమయం గడిచిపోతుంది.

అపోహ: నిలబెట్టి వెచ్చబెడితే ఇంజన్ అరుగుదల తగ్గుతుంది.
వాస్తవం: జరిగేది దీనికి విరుద్ధం. చల్లగా ఉన్న ఇంజన్‌కు ఈసీయూ మామూలు కన్నా ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. అందులో కాలని భాగం సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి కింద ఉన్న ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. ఈ దశ ఎంత త్వరగా దాటితే అంత మంచిది. కానీ బండిని నిలబెట్టి ఇంజన్ తిప్పే ఐడ్లింగ్‌లో ఇంజన్ మీద లోడు ఉండదు కాబట్టి వేడి పుట్టడమే తక్కువ. నడిపితే నిమిషాల్లో దాటే దశ, నిలబెడితే సాగుతూనే ఉంటుంది. పైగా గేర్‌బాక్స్, చక్రాల బేరింగులు, టైర్లు బండి కదిలితేనే వేడెక్కుతాయి. పొగలోని విషవాయువులను అదుపుచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా బాగా వేడెక్కాకే పని మొదలుపెడుతుంది.

ఇక పెట్రోలు ఖర్చు. మైనస్ 7 డిగ్రీల చలిలో ఊళ్లో తిరిగే పెట్రోలు కారు మైలేజీ, 25 డిగ్రీలప్పటి కన్నా దాదాపు 15 శాతం తగ్గుతుందని అమెరికా లెక్క. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో ఆ తగ్గుదల 24 శాతం దాకా వెళ్లొచ్చు. నిలబడి ఉన్న బండికైతే మైలేజీ సున్నా. జర్మనీలో బండిని నిలబెట్టి ఇంజన్‌ను అనవసరంగా తిప్పడం ట్రాఫిక్ నిబంధనల ఉల్లంఘన కూడా.

అపోహ: రేస్ ఇస్తే తొందరగా వేడెక్కుతుంది.
వాస్తవం: చల్లబడిన ఆయిల్ చిక్కగా ఉంటుంది. పైనున్న క్యామ్ షాఫ్ట్‌కు, టర్బో బేరింగులకు పూర్తిగా చేరడానికి దానికి కాస్త సమయం కావాలి. అంతలోనే యాక్సిలరేటర్ తొక్కితే లోహానికి లోహం రాసుకుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు అసలే వద్దు. బయల్దేరాక మొదటి ఐదు పది నిమిషాలు కూడా ఆర్పీఎం పెంచకుండా మెల్లగా వెళ్లాలి.

అపోహ: ఇంజన్ ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది.
వాస్తవం: డబ్బా మీద కనిపించే 20డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30లలో ‘డబ్ల్యూ’ శీతాకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె తగ్గేకొద్దీ ఆయిల్ చలిలో సులువుగా పారుతుంది. 20డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 40 దగ్గర పరీక్షించి, పంపు లాగగలదని తేలాకే ఆ పేరు ఇస్తారు. మీ కారు మాన్యువల్ ఏ గ్రేడు చెబితే అదే వాడండి.

అపోహ: బ్యాటరీని చంపేది చలి.
వాస్తవం: చాలాసార్లు చలి కేవలం బయటపెడుతుంది. అసలు దెబ్బ కొట్టేది ఎండాకాలమే. రామగుండం, విజయవాడ ఎండలకు బ్యాటరీలో నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు తుప్పు పట్టి అరిగిపోతాయి. చలి వచ్చేసరికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తా సగానికి పైగా పడిపోవచ్చు. అదే సమయంలో చిక్కబడిన ఆయిల్‌తో ఇంజన్‌ను తిప్పడానికి మరింత బలం కావాలి. అందుకే బ్యాటరీని చలికి ముందే పరీక్ష చేయించాలి. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి పట్టుకోకుండా, మళ్లీ ప్రయత్నించే ముందు కాస్త ఆగాలి.

అపోహ: రేడియేటర్‌లో మంచినీళ్లు పోస్తే చాలు.
వాస్తవం: గడ్డకట్టే చోట నీరు సుమారు 9 శాతం ఉబ్బి ఇంజన్ బ్లాకునే పగలగొట్టగలదు. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, నీరు సగం సగం కలిపితే మైనస్ 35 డిగ్రీల దాకా భయం లేదు. తుప్పు పట్టనివ్వదు కాబట్టి మన ఊళ్లలోనూ కూలెంటే మేలు.

అపోహ: విండ్ చిల్ మైనస్ 30 అంటే ఇంజన్ కూడా అంతకు చల్లబడుతుంది.
వాస్తవం: విండ్ చిల్ మన ఒంటికి తెలిసే చలి. గాలి వల్ల ఇంజన్ త్వరగా చల్లారుతుందే గానీ, అసలు ఉష్ణోగ్రత మైనస్ 15 ఉంటే అంతకన్నా కిందికి పోదు.

అపోహ: డీజిల్ బండైనా తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టొచ్చు.
వాస్తవం: డీజిల్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు, నొక్కుకుపోయిన గాలి వేడికే అంటుకుంటుంది. చలిలో ఆ వేడికి తోడుగా గ్లో ప్లగ్ ఉంటుంది. డాష్‌బోర్డు మీద తీగచుట్ట ఆకారపు లైటు ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. మరీ చలి ప్రాంతాల్లో, సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది అందుకే.

అపోహ: అయితే వెచ్చబెట్టడం ఎక్కడా అక్కర్లేదు.
వాస్తవం: మైనస్ 20 దాటిన చోట అవసరమే. కానీ దానికి ఐడ్లింగ్ సరైన దారి కాదు. కెనడాలోని ఎడ్మంటన్, విన్నిపెగ్‌లలో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పార్కింగ్ స్థలాల్లోనే కరెంటు ప్లగ్గులు కనిపిస్తాయి. వాటికి ఇంజన్‌ను వెచ్చబరిచే బ్లాక్ హీటర్‌ను తగిలిస్తారు. రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరడానికి రెండు గంటల ముందు వెలిగేలా టైమర్ పెడితే సరిపోతుంది. అద్దం మీది మంచు పూర్తిగా పోయేదాకా బండి కదపకూడదన్నది కూడా నిజమే. అందుకు ఇంజన్‌నే నమ్ముకోకుండా ముందు గీకుడు పలకతో తీసేయండి.

అపోహ: గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే ఇంజన్ నడిపినా ప్రమాదం లేదు.
వాస్తవం: పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపు తెరిచినా గ్యారేజీలో పేరుకుంటుంది, దానికి ఆనుకున్న ఇంట్లోకీ చేరుతుంది. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోతే కారులోకే రావచ్చు. స్టార్ట్ చేసే ముందు గొట్టం చూసుకోండి, చేయగానే బండిని బయటికి తీయండి.

ఈ కాలపు కారుకు అర నిమిషం ఆగడం, ఆపై పది నిమిషాలు మెత్తగా నడపడం చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా పది నిమిషాలు ఆగమంటే, చోక్ ఉన్న కారుకు వారి మాట నిజమేనని, మీ కారుకు చోక్ లేదని చెప్పండి.