పిల్లికి పేలు పట్టాయా? గేదె మందు జోలికి వెళ్ళకండి!

మీ పిల్లి నాలుగైదు రోజులుగా కాలుగాలినట్టు తిరుగుతోందా? కునుకు తీస్తూ తీస్తూ దిగ్గున లేచి తోక మొదలు కొరుక్కుంటోందా? మెడ దగ్గర వెంట్రుకలు పాయ తీసి చూడండి. మిరియాలపొడిలాంటి నల్లని నలుసులు కనిపిస్తే తడి కాగితం మీద రాల్చండి. చుట్టూ ఎర్రగా దిగితే ఇక అనుమానం అక్కర్లేదు. అది మీ పిల్లి రక్తం తాగిన పురుగుల రెట్ట.

వీటిని మనం పేలు అనేస్తాం. కొందరు గోమార్లంటారు. నిజానికి ఇవి ఆ రెండూ కావు. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. నువ్వుగింజంతైనా వుండవు, రెక్కలుండవు, కాని చెంగున గెంతుతాయి. వీటి గుడ్లు పిల్లి వొంటిమీద నిలవవు. రాలిపోయి చాప మడతల్లో, సోఫా సందుల్లో, మంచం కింద పొదుగుతాయి. పొడిగాలిలో ఆ పిల్లపురుగులు బతకలేవు. మరి కాలువల నడుమ వున్న మన కోనసీమ, భీమవరం, కాకినాడ ఇళ్ళలో పొడిగాలి ఎక్కడిది? వానాకాలం వచ్చిందంటే గోడలే చెమరుస్తాయి.

అసలు ప్రమాదం పురుగుతో కాదు, మందుతో వస్తుంది. పాకలో గేదె, చెరువులో చేప, పొలంలో వరి - మూడింటికీ పురుగుమందు సీసాలు వుండే ప్రాంతం మనది. ‘గేదె పిడుదులకు వాడేదే కదా, రెండు చుక్కలు నీళ్ళలో కలిపి పూస్తే పోలా’ అనుకుంటారు. అలా చెయ్యకండి. పెర్మెత్రిన్, సైపర్మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను గేదె, కుక్క తట్టుకున్నట్టు పిల్లి తట్టుకోలేదు. వాటిని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పైగా పిల్లి రోజంతా వొళ్ళు నాకుతుంది. పూసిన మందు కడుపులోకే పోతుంది. కొద్ది గంటల్లో చొంగ, వణుకు, ఫిట్లు, ఒక్కోసారి మరణం. పేరు చివర ‘త్రిన్’ అని వుంటే పశువుల డాక్టరు చెప్పందే పిల్లికి తగలనివ్వకండి. కుక్కకు అలాంటి మందు వేసినా, ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

పొరపాటున పూసేశారా? పిల్లికి ఫిట్లు రాకముందే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బుద్రవం కొద్దిగా కలిపి కడిగి, పొడిగుడ్డ చుట్టి, సీసాతో సహా పశువుల ఆస్పత్రికి పరుగెత్తండి. పాలు పట్టడం, వాంతి చేయించడం వద్దు.

ఫినాయిలు, డెట్టాలు, కిరసనాయిలు, కర్పూరం కూడా పిల్లికి విషాలే. వేపనూనె ప్రకృతిసిద్ధం కదా అంటారు. నాకే జంతువుకు అదీ మంచిది కాదు. ఒకప్పుడు ఇంటింటా చల్లిన గమాక్సిన్ (బి.హెచ్.సి.) పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. అటకమీద పాత డబ్బా వుంటే ముట్టకండి.

మరి ఏం చెయ్యాలి? అన్నిటికన్నా చవకైనది పేల దువ్వెన. పళ్ళు దగ్గరదగ్గరగా వున్నది తీసుకుని మెడ, నడుము, తోక మొదలు రోజూ దువ్వండి. దువ్వినప్పుడల్లా సబ్బునీళ్ళలో ముంచండి. చిక్కిన పురుగులు చస్తాయి. పిల్లి పడుకునే గుడ్డలను వారం వారం వేడినీళ్ళలో ఉతికి మేడ మీద మండుటెండలో ఆరేయండి. చీపురు మంచం కిందికీ మూలలకూ పోవాలి.

అప్పటికీ తగ్గకపోతే మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందుంది. ఫిప్రొనిల్ గాని, సెలామెక్టిన్ గాని, ‘పిల్లులకు’ అని స్పష్టంగా రాసి వున్నదే కొనండి. నెలకొక గొట్టం. కొన్ని వందల రూపాయలవుతుంది, నిజమే. అలాగని కుక్క గొట్టం కొని సగం చేసి వాడవద్దు. ఒక మాట: ఫిప్రొనిల్ పేరుతోనే వరి కాండం తొలిచే పురుగుకు మందు దొరుకుతుంది. పేరొకటే గాని ఆ పాళ్ళు వేరు, అందులో కలిపేవి వేరు. ఎరువుల కొట్టు మందు పిల్లికి పనికిరాదు.

ఇంట్లో పిల్లులన్నిటికీ ఒకేసారి వెయ్యాలి. కుక్క వుంటే దాని మందు దానికి వేరే. కనీసం మూడు నెలలు మానకూడదు. ఎందుకంటే ఈ పురుగు పట్టుపురుగులా గూడు కట్టుకుని నెలల తరబడి కదలకుండా వుండగలదు. ఆ గూటిలోకి ఏ మందూ దిగదు. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజుల తరవాత తలుపు తీస్తే పిక్కల మీదికి ఎగబాకేవి అవే. అడుగుల అదురుకు, వొంటి వేడికి లేస్తాయి.

ఈ పురుగును మింగిన పిల్లికి బద్దెపురుగులు వస్తాయి. దాని ఆసనం దగ్గర బియ్యపుగింజల్లాంటివి కదిలితే అదే. పసిపిల్లలు పిల్లితో ఆడుతూ పురుగును నోట్లో పెట్టుకున్నా ఇంతే. కాబట్టి నేలమీద పాకే బిడ్డ వున్న ఇంట్లో ఇది పిల్లి సంగతి మాత్రమే కాదు.

ఎనిమిది వారాలు నిండని కూనలకు దువ్వెన తప్ప ఏ మందూ సొంతంగా వెయ్యకండి. కూన చిగుళ్ళు తెల్లగా పాలిపోయి వుంటే పురుగులు రక్తం బాగా పీల్చేశాయన్నమాట. ఆ రోజే డాక్టరుకు చూపించండి.