లారీ ఇంజిన్‌లో నీరు ఏమవుతోంది?

పాత డీజిల్ లారీ రేడియేటర్‌లో నీరు రోజురోజుకూ తగ్గిపోతున్నప్పుడు, అది పోవడానికి ఉన్న దారులు మూడే: బయటికి కారడం, సిలిండర్‌లోకి చేరి పొగతో పాటు ఆవిరైపోవడం, ఇంజిన్ ఆయిల్‌లో కలిసిపోవడం. ఏ దారిన పోయినా నీరు తన జాడ వదిలే పోతుంది కనుక, ఆ జాడను వెతకకుండానే రేడియేటర్ దించడం, సిలిండర్ హెడ్ విప్పడం యజమాని డబ్బుకూ మెకానిక్ శ్రమకూ చేటు.

డీజిల్ మండగా పుట్టిన వేడిలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మోసుకుపోయేది కూలెంట్. ఇది శుద్ధమైన నీటిలో ఇథిలీన్ గ్లైకాల్‌నూ, తుప్పును నిరోధించే రసాయనాలనూ కలిపిన ద్రవం. గడ్డకట్టే చలి లేని తెలుగు నేలపై దీని అవసరమేమిటన్న ప్రశ్న డ్రైవర్ల నోట తరచుగా వినబడుతుంది గానీ, ఇది మామూలు నీటి కంటే ఆలస్యంగా మరుగుతుంది, లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. దీనికి బదులు దారిలో దొరికిన బోరు నీళ్లు పోస్తూ పోతే, అందులోని సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొరగా పేరుకుని వేడిని బయటికి పోనివ్వదు.

రేడియేటర్ మూత కూడా కేవలం మూత కాదు; అందులోని స్ప్రింగు వాల్వు లోపల కొంత ఒత్తిడిని నిలిపి ఉంచి, నీరు 100 డిగ్రీలకే మరిగిపోకుండా ఆపుతుంది. ఆ ఒత్తిడే సన్నని బీటల గుండా నీటిని బయటికి నెడుతుంది కనుక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బొట్టు కూడా రాని చోట ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ధార కట్టవచ్చు. అక్కడి లోహం బాగా కాలి ఉంటే ఆ నీరు నేలకు చేరకముందే ఆవిరైపోయి, తెల్లగానో కూలెంట్ రంగులోనో చిన్న చార మాత్రమే మిగులుతుంది. దీనికి తలకిందులుగా, గట్టిపడిన పాత రబ్బరు హోస్ తెల్లవారుజామున చలికి ముడుచుకుని క్లిప్పు దగ్గర కారి, బండి వేడెక్కగానే దానంతటదే మూసుకుపోతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి చూడాలి. రేడియేటర్ మెడకు బిగించే చేతి పంపుతో, మూతపై రాసిన ఒత్తిడికి మించకుండా గాలి ఎక్కించి, పంపు గేజి ముల్లు పడిపోతుందేమో పావుగంట గమనిస్తే ఇంజిన్ నడపకుండానే చాలా సంగతులు తేలుతాయి. మూతను మాత్రం వేడి మీద ఎన్నడూ తీయరాదు, ఎగజిమ్మే ఆవిరి ముఖాన్నీ చేతులనూ కాల్చేస్తుంది.

బయటి లీకుల్లో ఎక్కువగా పొరబడేది వాటర్ పంపు దగ్గర. పంపు అడుగున, నీటిని ఆపే సీలుకూ ఇరుసును మోసే బేరింగుకూ నడుమ, చిటికెన వేలు కూడా పట్టని ఒక రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా ఈ రంధ్రం గుండా బయటపడుతుంది. అంటే అక్కడి తడి, సీలు పని అయిపోయిందని పంపు ముందుగా ఇచ్చే హెచ్చరిక. దాన్ని లీకుగా భావించి ముద్ద పెట్టి మూసేస్తే నీరు బేరింగులోకి మళ్లి, కొన్నాళ్లకు ఇరుసు ఊగి, ముందున్న ఫ్యాను రేడియేటర్‌ను చీల్చే ప్రమాదం ఉంది. టాటా లారీల్లో విస్తారంగా వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజిన్‌లో ఈ పంపు రెండు బోల్టులతోనే బ్లాకుకు అమరి ఉంటుంది కాబట్టి, కొత్తది వేయడం పెద్ద పనేమీ కాదు.

నేల మీద తడి లేకుండా నీరు తగ్గుతుంటే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి పోతుంది. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే ఈ పలుచని ప్యాకింగ్ ఒక పక్క మంటల ఒత్తిడినీ, మరో పక్క నీటినీ, ఆయిల్‌నూ వేరువేరుగా ఉంచుతుంది. చల్లటి ఇంజిన్‌ను మూత తీసి స్టార్టు చేయగానే నీటిలో ఆగకుండా బుడగలు రావడం, ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా బిగుసుకోవడం అది దెబ్బతిన్నదనడానికి ఆనవాళ్లు. అయితే ఇక్కడ ఒక్క క్షణం ఆగడం అవసరం. బ్రేకులకు గాలి అందించే కంప్రెసర్ కూడా చాలా లారీల్లో ఇదే నీటితో చల్లబడుతుంది. దాని చిన్న గాస్కెట్ పోయినా అచ్చం ఇవే బుడగలు వస్తాయి. కంప్రెసర్‌కు వెళ్లే నీటి గొట్టాలను కాసేపు తప్పించి, తిరిగి ఇంజిన్ నడిపి చూస్తే దోషం దేనిదో తెలిసిపోతుంది. ఈ కొద్దిపాటి పరీక్ష మరచిపోయినందుకు ఎన్నో మంచి హెడ్లు అనవసరంగా విప్పబడుతున్నాయి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల మీగడలా కనిపిస్తే నీరు ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతోందని అర్థం. రేడియేటర్‌లో జిడ్డు తేలితే ఆయిల్ కూలర్‌ను ముందు చూడాలి. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువ కాబట్టి కూలర్ చిల్లు పడితే మొదట ఆయిలే నీటిలోకి చొరబడుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండి సిలిండర్‌లో నీరు చేరిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టకూడదు. నీరు నలిగేది కాదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

హెడ్ దించక తప్పనప్పుడు కొత్త గాస్కెట్ ఒక్కటే చాలదు. ఉక్కు స్కేలు ఆనించి, ఫీలర్ గేజి దూర్చి హెడ్ వంగిందేమో చూసి, వంగితే ఫేసింగ్ చేయించాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల హెడ్ ముఖాన్ని సన్నగా చెక్కి చదును చేసే ఈ పని సులువుగానే జరుగుతుంది. బోల్టులను నడిమి నుంచి అంచులకు, తయారీదారు చెప్పిన వరుసలో, కొలత చూపే టార్క్ రెంచితో విడతలుగా బిగించాలి. రేడియేటర్‌లో పసుపు పొడి పోసే పాత పద్ధతి దారి మధ్యలో చిక్కుకున్న బండిని ఊరు చేర్చడానికి పనికివస్తుంది. కాని చిల్లును పూడ్చిన ఆ పొడే సన్నని గొట్టాలనూ పూడ్చగలదు కనుక, ఊరు చేరాక దాన్ని కడిగి తీయాలి.

పని ముగిశాక కూలెంట్‌ను నెమ్మదిగా పోసి, ఇరుక్కున్న గాలి పోయేలా పైనున్న గాలి స్క్రూను వదులు చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని రెండు హోసులూ వెచ్చబడే దాకా నడిపి, మర్నాటి ఉదయం చల్లని ఇంజిన్ మీద మట్టం చూసి తగ్గినంత నింపాలి. ఆ తర్వాత వరుసగా కొన్ని ఉదయాలు మట్టం తగ్గకుండా అదే చోట నిలిచి ఉంటే లీకు ఆగినట్టే.