కారు నావిగేషనా.. ఫోన్ మ్యాపా? ఏది ఎప్పుడు మేలు?

కారులో శ్రీశైలం బయల్దేరారు. నల్లమల ఘాట్‌లో సిగ్నల్ పోయి ఫోన్‌లో మ్యాప్ ఆగిపోయింది. మరి ఎలా?

నిజానికి జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఉపగ్రహాల సంకేతాలతోనే మీరెక్కడున్నారో ఫోన్ గుర్తిస్తుంది. డేటా కావాల్సింది మ్యాప్ లోడ్ అవడానికి, ట్రాఫిక్ వివరాలకు. చాలా కార్లలో మ్యాప్ ముందే లోడ్ చేసి ఉంటుంది కాబట్టి సిగ్నల్ లేకున్నా దారి చూపుతుంది. అయితే అప్‌డేట్ చేయకపోతే కొత్త ఫ్లైఓవర్లు, బైపాస్‌లు అందులో కనిపించవు. నగరంలో ట్రాఫిక్ తప్పించుకోవాలంటే ఫోనే మేలు.

ఏం చేయాలి?

* బయల్దేరే ముందే గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, 'ఆఫ్‌లైన్ మ్యాప్స్'లో మీరు వెళ్లే ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి.

* ఫోన్‌ను హోల్డర్‌లో పెట్టండి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, బండి నడుపుతూ ఫోన్‌ను దారి చూసుకోవడానికే వాడాలి. అదీ ఏకాగ్రత చెదరకుండా.

* ఏదైనా ఆపద వస్తే 112కు కాల్ చేయండి.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపంలో అసంపూర్తి వంతెనపై నుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. నావిగేషన్ చూపిన దారిలోనే వెళ్లి ఉంటారని పోలీసులు అనుమానించారు. అందుకే మ్యాప్ ఏం చెప్పినా, ముందు కళ్లెదుట ఉన్న రోడ్డునూ, హెచ్చరిక బోర్డునూ నమ్మండి.