తేనె చుక్క - ఎండే బావి

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. హొసకోటెలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆ మాటలోని మొదటి సగం అనుభవంలోకి వచ్చినవారు ఎందరో! పుట్టిన ఊరు వదిలి వచ్చినవారికి సొంత ఇల్లు ఎంతో ధైర్యాన్నిస్తుంది. "ఇక ఇదే మన ఊరు" అని చెప్పుకోనిస్తుంది. ఆ కోరికను ఎవరు తప్పు పట్టగలరు? కాని కోరిక తీరే సంబరంలో మనం అడగడం మరచిపోయే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి ఒక కథ చెబుతాడు. అడవిలో దారితప్పిన బ్రాహ్మణుడొకడు పాడుబావిలో పడి, తీగల్లో చిక్కుకుని తలకిందులుగా వేలాడుతుంటాడు. అడుగున మహాసర్పం. పైన ఆరు ముఖాలు, పన్నెండు కాళ్ళు గల ఏనుగు. ఆధారమైన చెట్టును నల్లని, తెల్లని ఎలుకలు కొరుకుతున్నాయి. ఇంతలో తేనెపట్టు నుంచి తేనె కారుతుంది. దాన్ని చప్పరిస్తూ అతడు ఆపదను మరచిపోతాడు. ఏనుగు సంవత్సరం, ఎలుకలు రాత్రింబవళ్ళు, పాము కాలం, తేనె మన కోరికలు అని విదురుడే విప్పి చెబుతాడు.

ఈ కథ చెప్పేనాటికి యుద్ధం ముగిసింది, నూరుగురు కొడుకులూ పోయారు. అంతకుముందు ఉద్యోగపర్వంలో అదే విదురుడు రాత్రంతా కూర్చుని హితవు చెప్పాడు. పుత్రప్రేమ ఆ రాజును మేలుకోనివ్వలేదు. ముందు విన్న మాట కాపాడగలదు, తరువాత విన్న మాట ఓదార్చగలదు. అంతే తేడా!

ఇప్పుడు మన బావి సంగతి చూద్దాం. నెల్లూరు దాకా పారే మన పెన్న పుట్టిన నంది కొండల ప్రాంతంలోనే దక్షిణ పినాకిని కూడా పుట్టి, హొసకోటె మీదుగా తమిళనాడుకు వెళుతుంది. పేరుకు నది ఉంది, పెద్ద చెరువు ఉంది. అయినా హొసకోటె తాలూకాను కేంద్ర భూగర్భ జల మండలి అతిగా తోడేసిన ప్రాంతాల్లో చేర్చింది. ఏటా నేలలోకి ఇంకే నీటికంటే తోడే నీరు ఎక్కువని దాని అర్థం. ఇక్కడ అడుగున గట్టి రాయి. నీరు ఉండేది పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ. పక్కింటివారు బోరు ఇంకా లోతుకు దింపితే కొత్త నీరు పుట్టదు, అందరిదీ అయిన నీరే ముందుగా వారికి అందుతుంది.

2023లో వానలు ముఖం చాటేశాయి. 2024 మార్చిలో బెంగళూరులోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే ప్రకటించింది. తాగునీటితో కార్లు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అన్నారు. ఆ నెలల్లో ఎక్కడ నలుగురు కలిసినా నీటి మాటే. వానలు పడ్డాక ఆ మాట ఎన్ని ఇళ్ళలో మిగిలింది?

సైటు కొనేటప్పుడు వాస్తు అడుగుతాం, రోడ్డు వెడల్పు అడుగుతాం. ఎండాకాలంలో చుట్టుపక్కల బోర్లు ఎన్నాళ్ళు పోస్తాయో అడగం. గృహప్రవేశానికి వంటవాణ్ణి మూడు నెలల ముందే మాట్లాడుకుంటాం. కప్పు మీది వాన నీరు ఎటు పోతోందో చూడం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 74 వేల లీటర్లు. కొంత వృథా పోయినా 60 వేలు మిగులుతాయి. అంటే ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు పది! అదంతా మోరీ పాలు చేసి, దప్పిక వేసినప్పుడు బావి తవ్వుతున్నాం.

నీటి విషయంలోనే కాదు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం, నెలనెలా పెరిగే అప్పు వాయిదాలు, పిల్లలతో మాట్లాడవలసిన మాటలు, వీటన్నిటికీ మన దగ్గర ఒకటే జవాబు: "తరువాత చూద్దాంలే." ఈలోగా టీవీ, సెల్‌ఫోను, కొత్త కారు. తేనె చుక్కలకు కొదవ లేదు.

తేనె మానేయమని ఎవరూ అనడం లేదు. ఈ పండుగకు ఇంటిల్లిపాదీ కలిసినప్పుడు, పిండివంటలు తిన్న తరువాత ఒక్క గంట కూర్చోండి. వాయిదా వేస్తున్న విషయాల్లో ఒకదాన్ని పేరుపెట్టి మాట్లాడుకోండి. వానాకాలానికి ముందైతే కప్పు మీది గొట్టం సంగతితో మొదలుపెట్టవచ్చు.