టీబీ రోగుల లెక్క పెరిగితే జబ్బు పెరిగినట్టేనా?

టీబీ రోగుల నమోదు పెరిగిందన్న వార్త వస్తే చాలు, జబ్బు విజృంభిస్తోందని చాలామంది కంగారుపడతారు. 2015లో మన దేశంలో లక్ష మందికి ఏడాదిలో 237 మంది కొత్తగా టీబీ బారిన పడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2023 నాటికి అది 195కు తగ్గింది. అదే 2023లో నమోదైన రోగులు మాత్రం 25 లక్షలు దాటారు. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. 2018లో మందుల షాపులకూ ఆ బాధ్యత పెట్టారు. లెక్కకందని రోగులు 2015 నుంచి 2023 దాకా ఎనిమిదేళ్లలో సుమారు 15 లక్షల నుంచి రెండున్నర లక్షలకు తగ్గారు. పెరిగింది జబ్బు కాదు, దాన్ని పట్టుకునే శక్తి.

అంచనాలను ఎలా నమ్మాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 2019–21లో జాతీయ సర్వే చేసి, 15 ఏళ్లు నిండినవాళ్లకు ఎక్స్‌రే తీశారు, అనుమానం ఉన్నవాళ్ల కళ్లె పరీక్షించారు. లక్షకు 316 మందిలో ఊపిరితిత్తుల టీబీ తేలింది. వాళ్లలో దాదాపు 43 శాతం మంది ఎక్స్‌రే వల్లే దొరికారు. లక్షణాలు మాత్రమే అడిగి వదిలేసి ఉంటే తప్పిపోయేవారు. లక్షణాలున్నవాళ్లలోనూ 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. నా దృష్టిలో అసలు ప్రమాదకరమైన అపోహ ఇదే: దగ్గు లేదు కాబట్టి టీబీ కాదని, ఉన్నా అదే పోతుందని.

హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట్‌లో ఇలాంటి అపోహలు రెండు వైపులా నష్టం చేస్తాయి. పరీక్షకు వెళితే ఆ రోజు కూలి పోతుందని తాపీ పనివాడు దగ్గు మందుతో నెట్టుకొస్తాడు. ఇది పేదల జబ్బు, మనకెందుకొస్తుందని హైటెక్ సిటీ ఉద్యోగి ధీమాగా ఉంటాడు. పేదరికం, పోషకాహార లోపం ముప్పు పెంచుతాయన్న మాట నిజమే. కానీ క్రిమి వ్యాపించేది గాలిలో. కిటికీలు తెరవని ఏసీ గదిలో ఆ గాలి అందరిదీ. షుగర్ ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు.

తగ్గుతోంది కదా, ఇక నిశ్చింతేనా? కాదు. 2015తో పోలిస్తే కొత్త కేసులను 2025 నాటికి 80 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2023 దాకా తగ్గింది 18 శాతమే. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్త కేసులు 39 శాతం తగ్గాయి. మందులతోపాటు తిండీ ముఖ్యమే. టీబీ రోగుల పోషణ కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేశారు. మందులకు లొంగే మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. సైటు మారినా, సొంతూరు వెళ్లినా, ముందే సిబ్బందికి చెబితే, రోగిగా నమోదైనప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరుతో అక్కడి ప్రభుత్వ కేంద్రంలో అదే చికిత్స కొనసాగించవచ్చు.